బడి స్థలంలో బస్సుల షెడ్డు

"ఈ గుడ్డ మనింటిదేనా, కాదా? ఒక్క ముక్క చెప్పు, చాలు."

భర్త ఫోను తెచ్చి ఆమె ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా గుండీలు సగమే పెట్టుకున్నాడు. ఒక చెంప మీద గడ్డం గీసుకున్న సబ్బు నురగ ఇంకా ఆరలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అదే ప్రశ్న.

ఫోనులో ఉన్నది ఒక ప్లాను ఫోటో. జిల్లాలోని మిడిల్ స్కూళ్ళన్నింటినీ కొత్త పద్ధతిలో తీర్చిదిద్దాలని విద్యా కార్యాలయం ఏడాదిగా గీస్తూ, చెరుపుతూ, మళ్ళీ గీస్తూ ఉన్న ప్లాను. ఇంకో నెల దాకా ఆఫీసు గడప దాటకూడనిది. నిన్న సాయంత్రం నుంచి ఊళ్ళో తల్లిదండ్రుల ఫోన్లన్నింట్లోనూ తిరుగుతోంది.

ఆ ఫోటోలో కాగితం అంచు కింద బల్లగుడ్డ కాస్త కనిపిస్తోంది. దాని మీద ఆకుపచ్చ దారంతో కుట్టిన పిచుక. దాని ముక్కు వంకర.

ఆమె నోరు తెరిచేలోపే మూలకుర్చీలోంచి అత్తగారు చెయ్యి చాపింది.

"ఏదీ, ఇలా తే. ఆఁ, మనదేరా! నా పిచుకే. కంట్లో శుక్లం వచ్చిన ఏడాది కుట్టాను. అయ్యో, ఊరంతా చూసిందా దీన్ని? ముక్కు విప్పి మళ్ళీ కుడదామని అనుకుంటూనే ఉన్నాను."

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో."

"ఊరుకుంటాను. నన్నెవరు అడిగారు? గుడ్డ సంగతి అడిగావని చెప్పాను."

అతను మళ్ళీ భార్య వైపు తిరిగాడు.

"విన్నావుగా? ఆ కాపీ మీద ఎర్ర గీతలు నేను చేత్తో వేసినవి. అలాంటిది ఇంకొకటి లేదు. మొన్న పొద్దున ఈ బల్ల మీద పరిచి, స్నానానికి వెళ్ళాను. ఫోటో ఈ బల్ల మీదే తీశారు. మరి ఈ ఇంట్లో, ఆ గీతలు పడ్డ బడిలో పనిచేసేది ఎవరు?"

"నేనే తీశానంటారా?"

"అనడం లేదు. అడుగుతున్నాను."

"అడగడానికీ అనడానికీ మధ్య చీమ దూరే సందు కూడా లేదండీ."

ఆమె తూర్పు బడిలో లెక్కల టీచరు. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ అదే బడి. ఆ బడిని తీసుకెళ్ళి బైపాస్ అవతలి పడమటి బడిలో కలిపేస్తారని, అది ఉన్న చోట ఎర్ర గీతలు కొట్టి 'బస్సుల షెడ్డు' అని రాశారని, ఊళ్ళో అందరితో పాటే నిన్న సాయంత్రం ఆమెకూ తెలిసింది. అందరిలాగే ఫోనులోనే చూసింది. ఆ గీతలు కొట్టిన చెయ్యి మాత్రం రోజూ ఆమె పక్కన కూర్చునే అన్నం తింటోంది.

"ఇన్నాళ్ళూ తెలిసీ నాతో ఒక్క మాట అనలేదు మీరు."

"ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పకూడదు."

"చెప్పకూడనివి ఇంటికెందుకు తెచ్చారు మరి?"

అతను చెంప మీద నురగను ఇప్పుడే గమనించినట్టు భుజం మీది తువ్వాలుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తోంది, ఆఫీసు కాగితాన్ని ఇంటికి మోసుకొచ్చే మనిషి కాదు అతను. ఇంకో సంగతి కూడా ఉంది. మాటా మాటా పెరిగితే ముందు లేచి కిటికీలు మూసేది అతనే. పరువు అంటే అంత ప్రాణం. ఇవాళ కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. గొంతు వీధి దాకా వినిపిస్తోంది. గోడ అవతలి వాటాలో ఉండేది అతని ఆఫీసు సూపరింటెండెంటు.

ఆమె లేచి వెళ్ళి కిటికీ రెక్క లాగబోయింది.

"ఉండనీ. ఉక్కగా ఉంది" అన్నాడు గబుక్కున.

బయట సన్నగా జల్లు పడుతోంది. గాలి చల్లగా మొహానికి కొట్టింది.

* * *

ఆమె అడుగుపెట్టగానే స్టాఫ్ రూములో మాటలు ఆగిపోయాయి. ఎవరో సుద్దముక్కల డబ్బా తీసి, అందులో ఏదో పోగొట్టుకున్నట్టు వెతకసాగారు.

నోరు ఆగనిది డ్రిల్లు మాస్టారొక్కరికే.

"రండి మేడమ్, రండి. షెడ్డులో మీకు ఏ బస్సు ఇస్తున్నారు? కిటికీ పక్క సీటేనా?"

ఒకరిద్దరు నవ్వారు. మిగిలినవాళ్ళు నవ్వలేదు. ఆ నవ్వనివాళ్ళే ఆమెను ఎక్కువ భయపెట్టారు.

"నాకూ నిన్నే తెలిసిందండీ."

"అవునవును" అన్నాడాయన. "మా ఇంట్లో కూడా అంతే. మా ఆవిడ వంట చేస్తుంది, ఏం వండిందో నాకు తెలీనే తెలీదు."

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద మేడమ్ ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. హెడ్మిస్ట్రెస్ అయినా ఎవర్నీ గట్టిగా ఒక మాట అనలేని మనిషి. అనాల్సి వస్తే బల్ల మీది పేపర్‌వెయిట్‌ను తిప్పుతూ అంటుంది. ఇప్పుడది గిర్రున తిరుగుతోంది.

"పడమటి బడిలో నీకు చోటు ఖాయమైందంటున్నారు. నిజమేనా?"

"ఎవరన్నారు మేడమ్?"

"ఎవరనేది వదిలెయ్. నిప్పు లేనిదే పొగ రాదంటారు."

"పొగ పెట్టేవాళ్ళు కూడా ఉంటారు మేడమ్."

పేపర్‌వెయిట్ ఆగింది. పెద్ద మేడమ్ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. నమ్మాలనే ఉంది. నమ్మడానికి ధైర్యం చాలలేదు.

"ఇవాళ సాయంత్రం మన హాల్లోనే సభ. విద్యా కార్యాలయం పెద్దాఫీసరు స్వయంగా వస్తున్నారు. అంతకు ముందు స్టాఫంతా కూర్చుని ఏం మాట్లాడాలో అనుకోవాలి. నువ్వుంటే ఎవరూ నోరు విప్పడం లేదమ్మా. తలనొప్పి అని ఈ పూటకు ఇంటికి వెళ్ళు."

"నాకు తలనొప్పి లేదు."

"నాకుంది" అంది పెద్ద మేడమ్.

విచిత్రమేమిటంటే, ఈ మార్పుల సంగతి మొదటిసారి విన్నప్పుడు సంతోషించింది ఆమే. ఐదో తరగతి దాకా చెయ్యెత్తి కేకలు పెట్టిన పిల్లలు మిడిల్ స్కూలు దాటేసరికి మూగపోతున్నారు. ఒక్కొక్క పీరియడుకు ఒక్కొక్క టీచరు, ఏ పిల్ల ఎవరో ఎవరికీ పట్టదు. కొందరు టీచర్లు కలిసి కొందరు పిల్లల్నే మూడేళ్ళూ కనిపెట్టుకుని ఉండే పద్ధతి వస్తుందంటే, ఇన్నాళ్ళకైనా ఎవరికో తట్టిందే అనుకుంది. ఆ మంచి మాటల వెనకాల తన బడి మీద ఎర్ర గీతలుంటాయని, వాటిని గీసేది తన మొగుడేనని అప్పుడు తెలీదు.

* * *

ఇల్లు చేరేసరికి జల్లు వెలిసింది. అత్తగారు మూలకుర్చీలో కునుకు తీస్తోంది. ఆమె సంచీ బల్ల మీద పడేసి కూలబడింది.

పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి బల్ల మీద పడింది. ఊచల నీడలు గుడ్డ మీద చారలు చారలుగా పరుచుకున్నాయి. ఒక నీడ సరిగ్గా పిచుక మెడ మీద పడింది.

ఆమె చూస్తూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా ఫోను తీసి, ఆ ఫోటోను పెద్దది చేసింది.

ఫోటోలోనూ చారలున్నాయి. పిచుక మెడ మీదా, ప్లాను అంచు మీదా.

పొద్దున ఈ గదిలోకి ఎండ రాదు. లైటు వేసుకుంటే గానీ పేపరు చదవలేరు. మొన్న పొద్దున పరిచానన్నాడు. పొద్దున తీసిన ఫోటోలో పడమటెండ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ఎండ పడే వేళకి తను ఏడో తరగతిలో భిన్నాలు చెబుతూ ఉంటుంది.

"అత్తయ్యా."

"ఊఁ."

"మొన్న మధ్యాహ్నం ఇంటికి ఎవరొచ్చారు?"

అత్తగారి కళ్ళు ఠక్కున తెరుచుకున్నాయి. నిద్రపోతున్న మనిషికి అంత తొందరగా మెలకువ రాదు.

"ఎవరొస్తారు? గాలొచ్చింది. తలుపు కొట్టుకుంటే నేనే లేచి వేశాను."

"గాలి టీ తాగి వెళ్ళిందా?"

"టీ ఎక్కడ తాగింది? ఇటు ఫోను, అటు ఫోను, కూర్చోనే లేదు. పెట్టిన టీ పెట్టినట్టే చల్లారి..." అని, తన నోటిని తనే నమ్మలేనట్టు చేత్తో మూసుకుంది.

అత్తగారు ఇంతగా వెనకేసుకొచ్చేది ఒక్కరినే.

"చిట్టి వచ్చిందా?"

చిట్టి అంటే ఆడపడుచు. అతని చెల్లెలు. పడమటి బడిలో సైన్సు టీచరు.

"నేను చెప్పలేదు" అంది అత్తగారు గట్టిగా. "నువ్వే కనిపెట్టావు. నా మీద ఒట్టేయించుకుందే, ఆ ఒట్టు నాకు తగలదు. తగులుతుందంటావా?"

ఆమె గుండెలో ఏదో ముల్లు కదిలింది. పడమటి బడి పెద్దదవుతుంది. చిట్టికి పెద్దరికం వస్తుంది. పండక్కీ పబ్బానికీ వదినా వదినా అని వెనకాలే తిరిగిన పిల్ల, గుట్టుచప్పుడు కాకుండా వచ్చి ఫోటో తీసి, నింద తన నెత్తిన పోసి పోయిందన్నమాట.

"అత్తయ్యా, అప్పుడు మీ అబ్బాయి ఎక్కడున్నారు?"

అత్తగారు చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

"నాకు నిద్రొస్తోందే అమ్మాయ్" అంది.

* * *

బడి హాలు అప్పటికే నిండిపోయింది. పిల్లల బల్లల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని ఇరుక్కుని కూర్చున్నారు. కూర్చోవడానికి చోటు లేనివాళ్ళు గోడల వెంట నిలబడ్డారు. వేదిక మీద తెర కట్టి, ప్లానును దాని మీద చూపించే ఏర్పాట్లు చేస్తున్నారు. దాచి లాభం లేదని తేలిపోయింది మరి.

చిట్టి వరండాలో కుళాయి దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. వదినను చూసి అటు తిరగబోయి, ఆగిపోయింది.

"ఫోటో తీసింది నువ్వే."

చిట్టి కాదనలేదు. బుకాయిస్తుందని, ఏడుస్తుందని సిద్ధపడి వచ్చిన ఆమెకు ఆ ఒప్పుకోలు ఎదురుదెబ్బలా తగిలింది.

"నీ బడి పెరుగుతుంది. సంతోషమే. దానికి నన్నెందుకు వీధిలో నిలబెట్టడం?"

"నాకు లాభమైన ప్లానును నేనే అల్లరి చేసుకుంటానా వదినా?"

లెక్కల టీచరుకు ఆ లెక్క తట్టనే లేదు. కోపం కళ్ళకు గంతలు కట్టింది.

"మరెందుకు తీశావు?"

చిట్టి కుళాయి తిప్పింది. నీళ్ళు రాలేదు. మళ్ళీ కట్టేసింది.

"అన్నయ్య తీయమన్నాడు."

హాల్లో ఎవరో మైకు సరిచూస్తూ హలో హలో అంటున్నారు.

"ఆఫీసులో నోరు నొప్పి పుట్టేలా చెప్పాడట వదినా. తూర్పు బడిని ఉంచండి, అంత చిన్నపిల్లలు బైపాస్ దాటి రోజూ ఎలా వస్తారని. పెద్దాఫీసరు వినలేదు. పైగా ఆ గీతలు అన్నయ్య చేతే వేయించాడు. జనం అరిస్తే తప్ప ఇది ఆగదని అన్నయ్య నాకు ఫోను చేశాడు. వాడే బల్ల మీద పరిచి, కర్టెను పక్కకు లాగి, వెలుతురు చాలుతుందేమో చూడమన్నాడు కూడా. నీ బడి కోసమే చేశాడు."

ఒక్క క్షణం ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఆ పెదవి విప్పని మనిషి, నెలకోసారి జుట్టు కత్తిరించుకోవడానికి కూడా క్యాలెండరు చూసుకునే మనిషి, తన కోసం ఇంత సాహసం చేశాడా? పొద్దున్నే ఈ మాట చెప్పి ఉంటే అతని చెంప మీది నురగ తన కొంగుతో తుడిచేది.

పొద్దున గుర్తొచ్చేసరికి ఆ చెమ్మ ఆరిపోయింది.

"మరి నన్నెందుకు నిలదీశారు? అదీ సూపరింటెండెంటు గారికి వినిపించేలా?"

"పెద్దాఫీసరు అనుమానం వాడి మీదే పడింది. వాడి పేరు తేలితే ఉద్యోగం ఊడుతుంది. నువ్వైతే..." చిట్టి గొంతు సన్నబడింది. "నువ్వైతే బడి మీద ప్రేమతో చేసిందంటారు. మహా అయితే బదిలీ. దూరంగా వేసినా ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ రావచ్చు."

"ఇది నీ లెక్కా, ఆయన లెక్కా?"

"ఇద్దరం అనుకున్నాం. నీకు చెబుదామన్నాను నేను. నువ్వు ఒప్పుకోవన్నాడు."

"అడిగితే ఒప్పుకునేదాన్నేమో, చిట్టీ" అంది ఆమె. "అడగలేదుగా."

చిట్టి చెయ్యి పట్టుకోబోయింది. ఆమె విడిపించుకుని లోపలికి నడిచింది.

* * *

చివరి వరసలో పెద్ద మేడమ్ పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. పెద్ద మేడమ్ సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది గానీ పలకరించలేదు.

పెద్దాఫీసరు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కోపం వచ్చినకొద్దీ నవ్వు పెరిగే మనిషి. కొత్త పద్ధతిలో పిల్లలకు ఎంత మేలో నవ్వుతూ చెప్పాడు. పెద్ద ప్రయోగశాలలన్నాడు. ఆటస్థలమన్నాడు. కొందరు తలలూపారు కూడా.

"బైపాస్ మీద నేను లారీ నడుపుతాను సార్" అన్నాడు గోడ దగ్గర నిలబడ్డ ఒక తండ్రి. "అక్కడ మేం ఎలా నడుపుతామో నాకు తెలుసు. నా కూతుర్ని ఆ రోడ్డు దాటించను."

"బస్సులు పెడుతున్నాం కదా."

"అవును, మా బడి పడగొట్టి పెడుతున్నారు!"

హాలు గొల్లుమంది. పెద్దాఫీసరు నవ్వు ఇంకాస్త సాగింది. చెయ్యెత్తి ఆపాడు.

"అన్నీ మాట్లాడుకుందాం. ముందు ఒక సంగతి తేలాలి. ఇంకా ఖరారు కాని ఒక ప్లానును దొంగతనంగా బయటకు పంపి మిమ్మల్ని ఇలా రెచ్చగొట్టిందెవరు? మా ప్లానింగ్ ఆఫీసరు గారు చెబుతారు."

భర్త లేచి మైకు అందుకున్నాడు. గుండీలన్నీ సరిగ్గా పెట్టుకున్నాడు ఇప్పుడు. వేదిక చివరి మెట్టును చూస్తూ మాట్లాడాడు.

"ఆ కాపీ నా దగ్గరిదే. ఇంటికి తీసుకెళ్ళడం నా తప్పు. అక్కడి నుంచే బయటికి వెళ్ళింది. మా ఇంట్లో..." ఆగాడు. మైకు చేయి మార్చుకున్నాడు. "మా ఇంట్లో ఈ బడి టీచరు ఒకరున్నారు. ఇంతకు మించి నన్నడగొద్దు."

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. పొలం మీద గాలి తిరిగినట్టు తలలన్నీ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి.

ఆమె ఇక కేకలు మొదలవుతాయనుకుంది.

ముందు చప్పట్లు వినిపించాయి. డ్రిల్లు మాస్టారు. లేచి నిలబడి, మైదానంలో కొట్టినట్టు ఫెడేల్ ఫెడేల్మని కొడుతున్నాడు. "శభాష్ మేడమ్!" అని అరిచాడు. పొద్దున బస్సు సీటు గురించి అడిగిన గొంతే అది. లారీ నడిపే తండ్రి అందుకున్నాడు. గోడల వెంట నిలబడ్డవాళ్ళు, బల్లల్లో ఇరుక్కున్నవాళ్ళు, అందరూ లేచారు. హాలు దద్దరిల్లిపోయింది.

పెద్ద మేడమ్ ఆమె చెయ్యి అందుకుని రెండు చేతుల మధ్య నొక్కింది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"నీ గురించి ఏమేమో అనుకున్నాం తల్లీ. మొగుడి ఉద్యోగానికి కూడా వెరవకుండా..."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. తనది కాని మెచ్చుకోలు వేడి నీళ్ళలా మీద పడుతోంది. ఎన్నేళ్ళు భిన్నాలు చెప్పినా ఈ హాల్లో ఎవరూ తనకు చప్పట్లు కొట్టలేదు. ఇప్పుడు కొడుతున్నది అబద్ధానికి. ఆ అబద్ధం నిలబడితే బడి నిలబడేలా ఉంది. తను మాత్రం ఈ బడిలో ఉండదు. కాదంటే ఈ హాల్లోనే, ఈ జనం ముందే, అతని కథ ముగుస్తుంది. చిట్టి కథ కూడా.

పెద్దాఫీసరు నవ్వడం మానేశాడు. మైకు తీసుకెళ్ళి ఆమెకిమ్మని సైగ చేశాడు. అది వరస వరసా చేతులు మారుతూ వెనక్కి వచ్చింది. చప్పట్లు ఒక్కొక్కటే సద్దుమణిగాయి.

"అమ్మా, ఎక్కువ మాటలు వద్దు" అన్నాడాయన. "ఆ ఫోటో పంపింది మీరేనా? అవునో కాదో చెప్పండి, చాలు."

తలుపు దగ్గర చిట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

ఆమె లేచి నిలబడింది. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"చెబుతానండీ" అంది. "ముందు మా ఆయన్ని ఒక్కసారి తలెత్తి నా వైపు చూడమనండి."

హాలంతా వేదిక వైపు తిరిగింది.

అతను తలెత్తలేదు.